తప్పు డ్రైవర్‌ది, పాలసీ బండిది

షిఫ్టు మారే వేళ పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ దాకా 65వ నంబరు జాతీయ రహదారి చూస్తే గుండె దడదడలాడుతుంది. పాశమైలారం వైపు మళ్లే కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, డీసీఎంలు, కిక్కిరిసిన ఆటోలు. వాటి మధ్యనే డ్యూటీ దిగి సైకిళ్ల మీద గదులకు పోయే బిహార్, ఒడిశా కార్మికులు. యూటర్న్ దాకా పోయే ఓపిక లేని కారు ఒకటి హెడ్‌లైట్లు వేసుకుని రాంగ్‌రూట్‌లో ఎదురొస్తుంది. కెమెరా నంబరు ప్లేటును పట్టుకుంటుంది, చలానా ఓనరు ఫోనుకు పోతుంది. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో ఆ చలానాకు పట్టదు.

ఇన్సూరెన్సుకు అసలే పట్టదు. ఆ కారు మీద ఇరవై చలానాలున్నా, పక్కన పద్ధతిగా వెళ్తున్న కారు మీద ఒక్కటీ లేకపోయినా, థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే. 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు. ఫుల్ ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. అది క్లెయిమ్ అడగనందుకు ఇచ్చే తగ్గింపే కానీ, జాగ్రత్తగా నడిపినందుకు కాదు. చలానాలు కట్టడానికీ మనవాళ్లకు తొందర లేదు. 2023 డిసెంబరులో బైకులకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం రాయితీ వచ్చింది కదా, మళ్లీ రాకపోతుందా అని చూస్తుంటారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు స్పీడింగ్ టికెట్ పడితే జరిమానా కన్నా ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుందోనన్నదే బెంగ. తాగి నడిపి దొరికితే, చాలా రాష్ట్రాల్లో బీమా ఉందని కంపెనీ ఎస్‌ఆర్-22 అనే ధ్రువపత్రం దాఖలు చేస్తే తప్ప లైసెన్స్ తిరిగి రాదు.

అలాంటి లెక్క ఇక్కడా వేశారు. పటాన్‌చెరులో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అరగంటలో చేరే నానక్‌రామ్‌గూడలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉంది. 2021 జనవరిలో దాని కార్యబృందం ట్రాఫిక్ ఉల్లంఘనలకు విడిగా ప్రీమియం ఉండాలంది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10. పాయింట్లను బట్టి కార్లకు 300 నుంచి 1,500 రూపాయలు, బైకులకు 100 నుంచి 750 దాకా అదనం. ముందు ఢిల్లీలో అమలు చేసి చూడాలన్నారు. అది దేశవ్యాప్త నిబంధనగా మాత్రం మారలేదు.

మారాలనే నా కోరిక. కానీ ఉన్నదున్నట్టు వస్తే ఈ ప్రాంతానికి చాలదు. ఆ అదనం కట్టాల్సింది ఓనరు. ఇక్కడేమో ఓనరు సంగారెడ్డిలో ఉంటాడు, బండి తోలేవాళ్లు షిఫ్టుకొకరు. ఒకరి దగ్గర మానేసిన డ్రైవర్ మర్నాడే ఇంకొకరి బండి ఎక్కుతాడు, వాడి పాత తప్పులు పాత నంబరు ప్లేటు దగ్గరే ఉండిపోతాయి. దీనికి మందు తెలంగాణ చేతిలోనే ఉంది. 2017 ఆగస్టు 1న లైసెన్సుల మీద పెనాల్టీ పాయింట్లు మొదలుపెట్టింది మన రాష్ట్రమే. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది పాటు లైసెన్స్ సస్పెండ్ అన్నది అప్పుడు పెట్టిన నిబంధన. లైసెన్స్ మీది ఆ పాయింట్లనూ పాలసీనీ ఒకచోట కలపాలి. అప్పుడే నడిపినవాడి చరిత్ర వాడి వెంట నడుస్తుంది.

అప్పటిదాకా ఇక్కడి ఓనర్లకు అసలు ముప్పు ప్రీమియం పెరగడం కాదు, అవసరానికి పాలసీ పనిచేయకపోవడం. పాలసీ కాగితంలో బండిని ఎందుకు వాడొచ్చో, ఎందుకు వాడకూడదో చెప్పే చిన్నక్షరాల పేరా ఒకటుంటుంది. సొంత కారును కిరాయికి తిప్పకూడదని అందులోనే రాసి ఉంటుంది. కంపెనీ స్టాఫ్‌ను దింపడానికి నెల కిరాయికి పెట్టిన వైట్ ప్లేట్ కారు గుద్దుకుంటే, ఆ ఒక్క వాక్యం చాలు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి. తాగి నడిపినా అంతే. రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చట్టరీత్యా నేరం. మత్తులో గుద్దిన కారు రిపేరు ఖర్చు ఇవ్వనన్న బీమా కంపెనీ వాదనను 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది.

గుద్దింది సైకిల్ మీది కార్మికుడినైతే? స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఉంది. లైసెన్స్ లాంటి షరతు తప్పిన చోట కూడా ముందు బీమా కంపెనీ బాధితుడి కుటుంబానికి చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టు ఆదేశించవచ్చు. ఆ కుటుంబానికి అది ఊపిరి. ఓనరుకు మాత్రం డ్రైవర్ లైసెన్స్ చూడకుండా తాళాలిచ్చిన పాపానికి లక్షల్లో బాకీ. బండికి ఇన్సూరెన్సే లేకపోతే ముందు చెల్లించే కంపెనీ కూడా ఉండదు. తీర్పు కాగితం పట్టుకుని ఒడిశా నుంచి వచ్చిన భార్య ఆ ఓనరు చుట్టూ తిరగాలి.

కాబట్టి తాళాలిచ్చే ముందు డ్రైవర్ లైసెన్స్ గడువు, అది ఏ తరగతి బండికి ఇచ్చారో పరివాహన్ పోర్టల్‌లో చూడండి. కిరాయికి తిప్పే బండికి ఎల్లో ప్లేట్, దానికి తగ్గ పాలసీ తీసుకోండి. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లోగా పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోండి. పాతవాడి బోనస్ మీకు రాదు. అతడి చలానాలు మాత్రం నంబరు మీదే ఉంటాయి, అడ్వాన్సు ఇచ్చేలోపే వాటిని కట్టించండి.