హెడర్లు చెప్పే కబుర్లు

బ్రౌజర్‌లో చిరునామా కొట్టి ఎంటర్ నొక్కగానే సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ వెళుతుంది. దాని వెంట పేరు, కోలన్, విలువ వరసలో కొన్ని లైన్లూ వెళతాయి. అవే రిక్వెస్ట్ హెడర్లు. కంప్యూటర్లో ఎఫ్12 నొక్కి 'నెట్‌వర్క్' ట్యాబ్ తెరిస్తే మీ బ్రౌజర్ పంపేవి మీరే చూడొచ్చు. వాటి విశేషాలు కొన్ని...

★ బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ. 1991 నాటి దాని తొలి రూపంలో హెడర్లే లేవు. 'గెట్' అనే మాట, పక్కన కావలసిన పేజీ దారి రాస్తే సరిపోయేది. 1996 మేలో వెలువడిన 1.0 వెర్షన్ పత్రంలో వాటికి చోటు దక్కింది.

★ ఒకే ఐపీ అడ్రస్ మీద వందల వెబ్‌సైట్లు నడవగలుగుతున్నాయంటే ఆ ఘనతలో పెద్ద వాటా 'హోస్ట్' హెడర్‌దే. ఏ సైటు కావాలో సర్వర్‌కు చెప్పేది అదే. 1.1 వెర్షన్‌లో ఇది తప్పనిసరి. లేకుండా వచ్చిన రిక్వెస్ట్‌ను సర్వర్ 400 ఎర్రర్‌తో తిప్పి పంపాలి.

★ క్రోమ్, సఫారీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్... ఏది వాడినా 'యూజర్-ఏజెంట్' హెడర్ 'మొజిల్లా/5.0' అనే మొదలవుతుంది. 1990లలో కొన్ని సైట్లు ఫ్రేములున్న పేజీలను నెట్‌స్కేప్ బ్రౌజర్‌కే ఇచ్చేవి. మొజిల్లా అన్నది దాని మారుపేరు. ఆ పేజీలు తమకూ అందాలని మిగతా బ్రౌజర్లూ అదే పేరు చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

★ తెలుగుకు అంతర్జాతీయ సంకేతం 'టీఈ'. బ్రౌజర్ భాషల జాబితాలో తెలుగును పైన పెట్టుకుంటే 'యాక్సెప్ట్-లాంగ్వేజ్' హెడర్‌లో ఈ రెండక్షరాలే ముందు వెళతాయి. ఇంగ్లిషు పక్కన 0.8 అని, తెలుగు పక్కన ఏమీ లేకుండా ఉంటే తెలుగు విలువ 1గా లెక్క. అంటే ముందు తెలుగు, అది లేకపోతేనే ఇంగ్లిషు. తెలుగు పేజీలున్న సైట్లు ఈ హెడర్‌ను తప్పక చూడాలి.

★ హెడర్ల వరస ముగిసిందని తెలిపేది ఒక ఖాళీ లైను. అది పంపకుండా, కొంచెం కొంచెంగా హెడర్లు పంపుతూ సర్వర్‌ను నిరీక్షణలోనే ఉంచే దాడి 'స్లోలోరిస్'. 2009లో బయటపడింది. హెడర్లు ఇంతసేపట్లో రావాలని గడువు పెట్టడం దీనికి ఒక విరుగుడు.

★ అపాచీ సర్వర్ మామూలుగా ఒక రిక్వెస్ట్‌కు 100 హెడర్లను, ఒక్కో హెడర్‌కు 8,190 బైట్లను మాత్రమే అనుమతిస్తుంది. హెడర్లు మరీ పెద్దవైతే చెప్పడానికి 431 అనే ఎర్రర్ కోడ్ ప్రత్యేకంగా ఉంది.

★ వెబ్ సర్వర్ వేరే ప్రోగ్రామ్‌తో పేజీ తయారు చేయించుకునే సీజీఐ పద్ధతిలో, సర్వర్ చాలా హెడర్ల పేర్లకు ముందు 'హెచ్‌టీటీపీ', ఒక అండర్‌స్కోర్ తగిలించి ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. ఎవరైనా 'ప్రాక్సీ' అనే హెడర్ పంపితే అది 'హెచ్‌టీటీపీ_ప్రాక్సీ' అవుతుంది. బయటి సర్వర్లతో ఏ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ద్వారా మాట్లాడాలో చాలా ప్రోగ్రాములు ఆ పేరులోనే వెతుక్కుంటాయి. అలా లోపలి సమాచారం దాడి చేసేవాడి కంప్యూటర్ మీదుగా పోయే ప్రమాదముందని 2016 జులైలో వెల్లడైంది. ఆ హెడర్‌ను గుమ్మంలోనే తీసేయడమే మందు.

★ సందర్శకుడి ఐపీ అడ్రస్ కోసం చూసే 'ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్' హెడర్‌లో పంపేవారు ఏదైనా రాసుకోవచ్చు. మీ సొంత ప్రాక్సీ చేర్చిన భాగమే నమ్మదగినది.

సర్వర్ ప్రోగ్రాములు రాసే మిత్రులారా, హెడర్లను శ్రద్ధగా చదవండి, వాడుకోండి. లాగిన్, డబ్బు, అనుమతులు తేలాల్సిన చోట మాత్రం సరిచూడకుండా ఏ హెడర్‌నూ నమ్మకండి.