దండల కొట్టు గులాబీ

ఏవర్రా, ఇలా అరుగు మీదకి రండి. తెనాలి మార్కెట్లో దండల కొట్ల ముందు గులాబీలు పోసి అమ్ముతారు, చూశారా? ముదురు గులాబీ రంగు, ముట్టుకుంటే రేకులు రాలతాయి, సాయంత్రానికల్లా వాడిపోతాయి. కానీ ఆ వాసన! మనం పన్నీరు గులాబీ అంటాం, నర్సరీవాళ్లు ఎడ్వర్డ్ గులాబీ అంటారు.

దాని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి. అప్పట్లో బూర్బన్ అనేవారు. 1820ల చివర్లో మన యానాం నుంచి తెలుగువాళ్లు ఓడెక్కి చెరకు తోటల పనికి వెళ్లింది అక్కడికే. ఆ దీవిలో పొలాలకు కంచెలుగా చైనా గులాబీనీ, డమాస్కస్ గులాబీనీ పెంచేవారు. ఆ రెండూ కలిసి పుట్టిందే ఇది. 1817 ప్రాంతంలో బ్రెయాన్ అనే ఆయన దాన్ని గుర్తుపట్టి, విత్తనాలు ప్యారిస్ పక్కన నూయీలో ఉన్న జాక్ అనే తోటమాలికి పంపాడు. మన తెనాలి ఆంధ్రా ప్యారిస్ కదా, అసలు ప్యారిస్‌తో ఇలా పూల చుట్టరికం కూడా ఉందర్రా!

ఇంకో ముచ్చట. యూరప్ పాత గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. వాటిలో ఓ జన్యువు ఉంటుంది. కాలవకి లాకు దించినట్టు, వసంతం దాటగానే పూతని ఆపేస్తుంది. చైనా గులాబీలో ఎక్కడిదో ఓ డీఎన్ఏ ముక్క వచ్చి ఆ జన్యువు మధ్యలో ఇరుక్కుంది. ఇంక ఆపేదేముంది, ఏడాది పొడుగునా పూతే! ఆ గుణం చైనా గులాబీ నుంచి మన పన్నీరు గులాబీకి వచ్చింది.

వాసన సంగతి 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. గులాబీ రేకుల్లో కమ్మటి వాసనకి ఒక ఎంజైమ్ పని చెయ్యాలి. బొకేల్లో వచ్చే గులాబీలు చాలావాటిలో అది పనిచెయ్యడం దాదాపు మానేసింది. కొత్త రకాలు తీసేవాళ్లు పువ్వు పదిరోజులు నిలవాలని చూసుకుంటూ పోయారు, వాసన పోయింది. నాకైతే ఒక్కపూట ఉన్నా వాసనున్న పువ్వే పువ్వు.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన అంటుమొక్క చచ్చిపోయి, అడుగు నుంచి వేరే కొమ్మ లేస్తే పీకెయ్యకండి. అంటుకి కింద వాడే మొక్క ఒక్కోసారి ఇలాంటి పాత గులాబీయే. పూసేదాకా ఉండనివ్వండి.

ఇలాంటి పాత గులాబీలు పోకుండా చూసుకునేవాళ్లు వేరే చోటా ఉన్నారు. అమెరికాలో శాన్ హోసేలో, మనవాళ్లు బోలెడుమంది ఉండే ఊళ్లో, 1995లో జనమే చేతులు కలిపి పాత గులాబీల తోట వేశారు. వేల మొక్కలు! ఇప్పటికీ కత్తిరింపులూ కలుపులూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే చూసుకుంటారు.

మనకేం తక్కువ? బాపట్ల ఇసుక నేలలో నీళ్లు నిలవవు, కాస్త పశువుల ఎరువు వేస్తే చాలు. రేపల్లె నల్లరేగడిలో అయితే మట్టి ఎత్తు చేసి నాటాలి, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే గులాబీ కుళ్లిపోతుంది. పెన్సిలంత లావు కొమ్మ, జానెడు పొడవు కోసి, సగం మట్టిలోకి గుచ్చి నీడన ఉంచండి. అమ్మమ్మ పెరటి కొమ్మ నాటితే మొలిచేది దాని పిల్ల కాదు, అచ్చంగా అదే మొక్క. ఈ చలికాలం తలా ఒక కొమ్మ తెండి, మన బడి ఆవరణలో నాటుదాం.