ఎర్త్ గుంత ఒక్కటే రక్షణ కాదు: ఆర్.సి.సి.బి., బాండింగ్ అవసరం

భవనాలకు విద్యుత్ సర్వీసు తీసుకునే సమయంలో ఎర్త్ గుంత తవ్వి, కడ్డీ పాతినంత మాత్రాన విద్యుదాఘాతం నుండి పూర్తి రక్షణ లభించదు.

గృహ సరఫరా 230 వోల్టులు. గీజరు లోపల ఫేజు తీగ లోహపు తొడుగుకు తగిలినపుడు విద్యుత్తు ఎర్త్ కడ్డీ ద్వారా నేలలోకి ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు చేరుతుంది. ఈ మార్గపు మొత్తం నిరోధం 10 ఓములైతే ప్రవాహం 23 ఆంపియర్లు మాత్రమే. 25 ఆంపియర్ల ఎం.సి.బి. దీనికి ట్రిప్ కాదు. తొడుగులో ప్రమాదకర వోల్టేజి నిలిచే ఉంటుంది.

అందువలన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చుకోవాలి. ఫేజులో వెళ్ళిన విద్యుత్తుకు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన దానికి గల వ్యత్యాసాన్ని గుర్తించి ఇది తక్షణమే సరఫరాను నిలిపివేస్తుంది.

భవనంలోకి వచ్చే లోహపు నీటి, గ్యాస్ గొట్టాలను మెయిన్ బోర్డు వద్దగల ప్రధాన ఎర్త్ పట్టీకి కలపడమే బాండింగ్. దీనివలన గీజరును, కుళాయిని ఏకకాలంలో తాకినా వాటి మధ్య వోల్టేజి తేడా తగ్గుతుంది.

ఇంటి వైరింగులో న్యూట్రల్‌ను ఎర్త్‌గా వాడరాదు. సర్వీసు న్యూట్రల్ తెగినచో ఉపకరణాల తొడుగులు ఫేజు వోల్టేజికి చేరగలవు.

ఎర్తింగ్ విధానాలను భారతీయ ప్రమాణాల సంస్థ 2018లో సవరించిన ఐ.ఎస్. 3043 వివరిస్తున్నది. నేల ఎండినపుడు నిరోధం పెరుగుతుంది గనుక వేసవిలో దానిని కొలిపించాలి. ఆర్.సి.సి.బి. టెస్ట్ బటన్‌ను క్రమం తప్పక నొక్కి పరీక్షించాలి. ఈ పనులను లైసెన్సు పొందిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుచే చేయించవలసి ఉంటుంది.