డీజే అవ్వాలనుందా? బాక్సులు తర్వాత, బ్యాగు ముందు!

హల్దీ ఫంక్షన్. పసుపు నీళ్లు చల్లుకుంటూ అందరూ మంచి ఊపులో ఉన్నారు. సరిగ్గా హుక్ స్టెప్పు దగ్గరికి రాగానే టక్కున సౌండ్ ఆగిపోయింది. పది సెకన్లు... అర నిమిషం... నిమిషం. పెళ్లికూతురి మేనమామ లేచి వచ్చాడు. 'ఏమైంది తమ్ముడూ?' అన్నాడు. ఆ తమ్ముడు స్పీకర్ వెనక కూర్చుని చెమటలు కక్కుతూ వైర్లు కదుపుతున్నాడు. లక్షన్నర అప్పు చేసి బాక్సులు కొన్నాడు. పాట ఆగింది మాత్రం మూడొందల రూపాయల కేబుల్ వల్ల!

ఇలాంటి సీన్ మీరూ ఏదో ఒక పెళ్లిలో చూసే ఉంటారు. ఈ ఫీల్డులోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఉన్న డబ్బంతా చప్పుడు మీద పెట్టేస్తారు. అసలు పని చేసేవాటికి వచ్చేసరికి జేబు ఖాళీ. పైగా మన దగ్గర ఇది సీజన్ వ్యాపారం. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢం వస్తే నెలల తరబడి ఖాళీ. ఈఎంఐకి మాత్రం ఆషాఢం ఉండదు, మూఢం ఉండదు. నెలనెలా తలుపు తడుతుంది. అందుకే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలో తెలిసి ఉండాలి.

ఏ పనికి వెళ్తారు?

మొబైల్ డీజే అంటే ఫోన్‌లో పాటలు పెట్టేవాడు కాదు. సామాను తీసుకుని ఫంక్షన్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవాడు. హల్దీ, సంగీత్, బర్త్‌డే, ఓణీల ఫంక్షన్, కాలేజీ ఫేర్‌వెల్... వంద, నూటయాభై మంది ఉండే ఇలాంటి చోట్లే కొత్తవాళ్లకు సరైన బడి.

బరాత్ బండి కట్టడం వేరే లెక్క. వ్యాను, జనరేటరు, బేస్ బాక్సులు, లైట్లు, మనుషులు... లక్షల్లో తేలుతుంది. రిస్కూ ఎక్కువే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ గిరాకీనే నమ్ముకుని అప్పు చేసినవాళ్ల పరిస్థితి ఆలోచించండి. మొదట చిన్న ఫంక్షన్లతో చేయి తిరగనివ్వండి.

కంట్రోలర్: ఇది మీ సొంతం కావాలి

రెండు చక్రాలు, మధ్యలో ఫేడర్లు ఉండే పెట్టె గుర్తుందిగా, అదే కంట్రోలర్. ల్యాప్‌టాప్‌కి కలిపితే ఒక పాట జనానికి వినిపిస్తూ, తర్వాతి పాటను మీ హెడ్‌ఫోన్‌లో సరిచూసుకోవచ్చు. డీజే పనికి ప్రాణం ఇదే. చేతికి అలవాటు పడాల్సిన వస్తువు కాబట్టి దీన్ని అద్దెకు తెస్తే లాభం లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా అడిగే మోడళ్లలో పయనీర్ డీజే డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 ఒకటి. 2022లో వచ్చింది. రికార్డ్‌బాక్స్, సెరాటో రెండు సాఫ్ట్‌వేర్లతోనూ నడుస్తుంది, ఫోన్‌కీ కలుపుకోవచ్చు. ధర ముప్పై వేల పైనే. అంత పెట్టలేమంటే న్యూమార్క్ పార్టీ మిక్స్, హెర్క్యులిస్ ఇన్‌పల్స్ 200 లాంటివి అందులో సగానికి అటూఇటూగా దొరుకుతాయి. నేర్చుకోవడానికి ఇవి చాలు.

సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. కానీ డబ్బులిచ్చే ముందు పాట పెట్టి ప్రతి ఫేడరూ మెల్లగా పైకీ కిందికీ జరపండి. గరగర వచ్చిందంటే అరిగిపోయిందని అర్థం. యూఎస్‌బీ వైరు కొంచెం కదిపి చూడండి. కనెక్షన్ పోయి వస్తుంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

అసలు మీకు ఈ పని నచ్చుతుందో లేదో తెలియదా? ముందు ఫోన్‌లో డీజే యాప్ వేసుకుని ఓ నెల రోజులు రోజూ గంటసేపు రెండు పాటలు కలపడం ప్రాక్టీస్ చేయండి. నెల తర్వాత కూడా చేయి దురద పెడుతుంటే అప్పుడు షాపుకెళ్లండి.

ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్

ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే నిశ్చింత. ఫంక్షన్‌కి ముందు అప్‌డేట్లు ఆపేయండి, నోటిఫికేషన్లు కట్టేయండి. పాటలన్నీ డిస్క్‌లోనే ఉండాలి. ఫంక్షన్ హాల్లో నెట్ అందుతుందన్న గ్యారెంటీ లేదు. అవే పాటలు ఓ పెన్‌డ్రైవ్‌లోనూ, ఫోన్‌లోనూ వేసుకోండి. ఎక్కడెక్కడివో దించుకున్న నాసిరకం ఎంపీ3లు ఇయర్‌ఫోన్‌లో బాగానే అనిపిస్తాయి. పెద్ద స్పీకర్‌లో పెడితే రేకు డబ్బాలా మోగుతాయి.

హెడ్‌ఫోన్ మాత్రం వైరుదే కొనండి. బ్లూటూత్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణంలో వందో వంతుల తేడాకే బీటు తప్పుతుంది. చెవిని పూర్తిగా మూసే రకం అయితే బయటి గోలలోనూ తర్వాతి పాట స్పష్టంగా వినిపిస్తుంది.

స్పీకర్లు: మొదటి ఏడాది అద్దెకే

మీ ఊళ్లో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే షాపు తప్పకుండా ఉంటుంది. వాళ్లతో దోస్తీ చేయండి. ఫంక్షన్ ఉన్న రోజే అద్దె కడతారు, లేని రోజు మీకు ఖర్చు లేదు. రిపేర్లు వాళ్లవి, బండి వాళ్లది. ఏ గదికి ఏ బాక్సు సరిపోతుందో కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు.

వాట్ల మాయలో పడొద్దు. అయిదొందల వాట్ల బదులు వెయ్యి వాట్ల స్పీకర్ కొంటే చప్పుడు డబుల్ అవుతుందనుకుంటాం. కాదు. పవర్ రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి 'రెట్టింపు' అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది పీక్ వాట్లు. మీరు అడగాల్సింది ఆర్ఎంఎస్ ఎంత అని.

స్పీకర్‌ని నేల మీద పెట్టి వాల్యూమ్ పెంచేకన్నా, స్టాండు మీద మనిషి తల కన్నా ఎత్తులో పెడితే వెనక వరసకీ బాగా వినిపిస్తుంది. ముందు నిలబడ్డవాళ్లు సౌండ్‌ని అడ్డుకోరు కదా. ఎర్ర లైటు వెలిగేదాకా గెయిన్ తిప్పితే మాత్రం సౌండ్ పగులుతుంది, ట్వీటర్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు. అద్దె సామానైతే ఆ బిల్లు మీదే.

బ్యాగులో ఏముండాలి?

పరువు నిలబెట్టేది ఈ బ్యాగే. ప్రతి కేబుల్‌కీ ఒక స్పేర్. మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు. వైర్లు కాలికి తగలకుండా నేలకు అతికించే టేపు. టార్చి, టెస్టర్, ఫోన్‌ని మిక్సర్‌కి కలిపే వైరు. ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఆ వైరుతో ఫోన్‌లోంచే పాట నడపొచ్చు. మైకు మాత్రం మరిచిపోవద్దు. మన ఫంక్షన్లలో పెద్దవాళ్లు మాట్లాడని ఫంక్షన్ ఉండదు. మైకు పట్టుకున్నవాళ్లు స్పీకర్ ముందుకు వెళ్తే కీచుమంటుంది. వెనక నిలబెట్టండి.

కరెంటు దగ్గర మొహమాటం వద్దు. మూడో పిన్ను విరిచేసి ప్లగ్గు దూర్చడం, స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించడం... ప్రాణాలతో చెలగాటం. హల్దీలో నేలంతా తడిగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఎర్తింగ్ లేదంటే వేరే ప్లగ్ పాయింట్ అడగండి. ఎవరూ తప్పుపట్టరు.

పదైతే ఆపాల్సిందే

శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. బయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. మామూలు వేళల్లోనూ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతం. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే 'పదింటికి ఆపేస్తానండీ, పర్మిషన్ మీరే తెచ్చుకోవాలి' అని చెప్పేయండి. 'ఇంకొక్క పాట బ్రో' అన్నవాళ్లు, సామాను పట్టుకెళ్లిన రోజు స్టేషన్‌కి రారు.

మీ చెవుల సంగతీ చూసుకోండి. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు. 100 దాటితే పావుగంటే హద్దు. ఫంక్షన్ మొత్తం స్పీకర్ పక్కనే ఉండేది మీరే. ఇయర్‌ప్లగ్‌లకయ్యే ఖర్చు తక్కువ, పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

మొదటి కొనుగోలు ఈ వరసలో

1. హెడ్‌ఫోన్: ప్రాక్టీస్ ఈరోజే మొదలవుతుంది.
2. కంట్రోలర్: కొత్తదో పాతదో, అప్పు లేకుండా వచ్చేది.
3. కేబుళ్లు, ఎక్స్‌టెన్షన్, మైకు: డబుల్ సెట్.
4. స్పీకర్ స్టాండ్లు: అద్దె బాక్సులకీ పనికొస్తాయి.
5. స్పీకర్లు: ఏడాదిలో కట్టిన అద్దె, కొత్త జత ధరలో సగం దాటినప్పుడు. అప్పుడు కూడా పన్నెండు అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు చాలు.

ఫంక్షన్ అయిపోయాక 'సౌండ్ ఎన్ని వాట్లు?' అని ఎవరూ అడగరు. పాట ఆగలేదా, అమ్మమ్మ కూడా లేచి రెండు స్టెప్పులేసిందా... అంతే గుర్తుంటుంది. నెక్స్ట్ ఫంక్షన్‌కి ఫోన్ వచ్చేది దానివల్లే.