దూర ప్రయాణానికి ముందే కుక్కకాటు సూది అవసరమా?
మోటారు సైకిలు యాత్రికులు తెలుసుకోవలసిన సంగతులు

కొండాపురం: ఒకప్పుడు దూర ప్రయాణమంటే మన ప్రాంతం వారికి రైలు బండే. కొండాపురం స్టేషనులో ఎక్కితే ఒక వైపు మద్రాసు, మరొక వైపు బొంబాయి. ఇప్పుడు కాలం మారింది. కుర్రవాళ్లు మోటారు సైకిళ్ల మీదనే అహోబిలం, శ్రీశైలం, తిరుపతి, బెంగుళూరు, గోవా వెళ్లి వస్తున్నారు. హిమాలయాలు దాటి లడఖ్ వరకు వెళ్లాలని కలలు కనేవారూ ఉన్నారు. బయలుదేరే ముందు బండి సర్వీసు చేయిస్తారు. టైర్లు మారుస్తారు. పంచరు సామాను సర్దుకుంటారు. దారిలో కుక్క కరిస్తే ఏమి చేయాలన్న ఆలోచన మాత్రం నూటికి ఒక్కరికైనా వస్తుందో రాదో!

తాడిపత్రి రోడ్డులో గాని, ముద్దనూరు రోడ్డులో గాని రాత్రివేళ బండి నడిపే వారందరికీ కుక్కలు వెంటపడడం అనుభవమే. మన ఊరి దగ్గరైతే ఆసుపత్రి ఎక్కడో తెలుసు. భాష తెలుసు. అదే ఊరు కాని ఊరిలో, కొండల నడుమ, చీకటి పడే వేళ పిక్క పట్టుకుంటే? ఆ భయంతోనే కొందరు ప్రయాణానికి ముందే రేబీస్ టీకా వేయించుకుంటున్నారు. "కుక్క కరవక ముందే సూది ఎందుకు అబ్బీ?" అని పెద్దవారు నవ్వవచ్చు. నవ్వవలసిన విషయం కాదు. అలాగని అందరికీ అవసరమైనదీ కాదు. ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర లేదో చూద్దాం.

వస్తే పోయినట్లే

రేబీస్ క్రిమి పిచ్చికుక్క చొంగలో ఉంటుంది. కాటు ద్వారా గాయంలో చేరి, నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. ఇందుకు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజుల్లోనే లక్షణాలు కనిపించవచ్చు, అరుదుగా ఏడాది దాటవచ్చు. తలకు, ముఖానికి, చేతులకు కరిస్తే ప్రమాదం మరింత త్వరగా ముంచుకొస్తుంది. నీళ్లు చూసి బెదరడం, గాలి తగిలితే ఉలికిపడడం వంటి లక్షణాలు మొదలైన తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అలా బయటపడ్డాక బతికినవారు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే.

అయితే మందు సకాలంలో పడితే ఈ జబ్బును పూర్తిగా ఆపవచ్చు. క్రిమి మెదడుకు చేరే లోపే శరీరం దానిని ఎదిరించే శక్తిని కూడగట్టుకోవాలి. పందెమంతా ఇక్కడే ఉంది. 2022-23లో 15 రాష్ట్రాల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది ఈ జబ్బుతో మరణిస్తున్నారని అంచనా. కుక్క కరిచిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క సూది కూడా వేయించుకోలేదని అదే సర్వేలో తేలడం శోచనీయం.

దూరమే మృత్యువైన రోజులు

కుక్కకాటుకూ, దూర ప్రయాణానికీ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల బాలుడికి తొలిసారి ఈ టీకా వేసి కాపాడారు. మన దేశంలో తొలి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయాల పాదాల చెంత కసౌలీలో వెలిసింది. దక్షిణాదిన పిచ్చికుక్క కరిస్తే అంత దూరం వెళ్లవలసిందే. 1902లో నీలగిరులలో ఒక ఆంగ్ల యువతి ఈ జబ్బుతో మరణించింది. దక్షిణాదికీ ఒక సంస్థ కావాలన్న ఆందోళన బలపడి 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడింది. మందు ఉండీ చేతికందని దూరంలో ఉంటే లేనట్లేనని ఆనాడే రుజువైంది.

ఇక బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే ఇప్పటికీ పల్లెల్లో హడలిపోయేవారు ఉన్నారు. ఆ సూదులకు భయపడే ఎందరో పసరు మందులను ఆశ్రయించేవారు. గొర్రె మెదడు నుంచి తయారు చేసిన ఆ పాత మందును మన దేశంలో 2004 చివరితో నిలిపివేశారు. ఇప్పటి సూదులు భుజానికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో చర్మంలోకి కొద్ది కొద్దిగా ఇస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున కూడా ఒకటి ఉంటుంది. కుక్క కరిచిన వారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం.

ముందే వేయించుకుంటే లాభమేమిటి?

అసలు కిటుకు ఇక్కడ ఉంది. కుక్క గాటుపడి రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు. టీకా వల్ల శరీరంలో శక్తి పుట్టేసరికి వారం పది రోజులు పడుతుంది. ఆ లోపు కాపు కాసేందుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సీరం మందును గాయంలోనూ, గాయం చుట్టూ ఎక్కించాలి. మనిషి బరువును బట్టి మోతాదు ఉంటుంది. టీకా దొరికినంత సులువుగా ఈ సీరం అన్నిచోట్లా దొరకదు. చిన్న ఆసుపత్రుల నుంచి పెద్ద ఆసుపత్రికి పంపడం సర్వసాధారణం.

ముందే టీకా పూర్తి చేసుకున్న వారికి ఈ సీరం అవసరం లేదు. తర్వాత కుక్క కరిస్తే మొదటి రోజు ఒకటి, 3వ రోజు మరొకటి, రెండు సార్లు టీకా వేయించుకుంటే సరిపోతుంది. అంటే ముందస్తు టీకా వల్ల లాభం రెండు విధాలు. సీరం కోసం ఊరూరా వెతికే బాధ తప్పుతుంది. ఆసుపత్రి చేరడానికి కొంత ఆలస్యమైనా శరీరంలో అప్పటికే సైన్యం సిద్ధంగా ఉంటుంది.

ఒక్క మాట మరువరాదు. ముందే వేయించుకున్నాం కదా అని కరిచిన తర్వాత ఊరుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ రెండు సూదులూ వేయించుకోవలసిందే.

ఎవరికి అవసరం?

తిరుపతి, బెంగుళూరు, హైదరాబాదు వంటి చోట్లకు వెళ్లేవారికి ముందస్తు టీకా తప్పనిసరి కాదు. దారి పొడవునా పట్టణాలున్నాయి. ఏ పూటకు ఆ పూట పెద్దాసుపత్రి చేరుకోవచ్చు.

లడఖ్ వంటి చోట్లకు వెళ్లేవారి సంగతి వేరు. మనాలి నుంచి లేహ్‌కు 400 కిలోమీటర్ల పైబడిన కొండదారి. 16 వేల అడుగుల ఎత్తు దాటిన కనుమలున్నాయి. కేలాంగ్ దాటిన తర్వాత రోజంతా నడిచినా పెద్ద ఆసుపత్రి ఉన్న పట్టణం తగలదు. కొండచరియ విరిగిపడితే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. లడఖ్‌లో వీధికుక్కల బెడద ఎక్కువని అక్కడికి వెళ్లివచ్చినవారికి తెలుసు. ఇటువంటి దారుల్లో వారాల తరబడి తిరిగేవారు, రాత్రిళ్లు గుడారాల్లో పడుకునేవారు ముందే వేయించుకోవడం మంచిది.

మన దేశంలో దీనికి మూడు సూదులు. మొదటి రోజు, 7వ రోజు, ఆపైన 21 లేదా 28వ రోజు. ఆరోగ్యవంతులకు మొదటి రోజు, 7వ రోజు వేస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఏది ఏమైనా బయలుదేరేందుకు నెల రోజుల ముందే వైద్యుని సలహాతో మొదలుపెట్టాలి. ప్రయాణం రేపనగా పరుగెత్తితే ప్రయోజనం లేదు. సాధారణంగా దీనికి సొంత ఖర్చు తప్పదు. బండి అలంకారానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

దారిలో కరిస్తే

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని మన సామెత. నిజానికి కుక్కకాటుకు దెబ్బ సబ్బు దెబ్బే. కరిచిన వెంటనే ధారగా నీళ్లు పోస్తూ, సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడగాలి. బోరింగు నీళ్లయినా, సీసా నీళ్లయినా సరే. ఆ క్షణంలో ఇంతకంటే గొప్ప మందు లేదు. సున్నం, కారం, పసుపు, కిరోసిన్, ఆకు పసరు ఏదీ పూయరాదు. కట్టు బిగించరాదు. కుట్లు వేయించే తొందర వద్దు.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. "కుక్క మంచిదే, పది రోజులు చూద్దాం" అంటూ దారిన పోయేవారు కూర్చోవడానికి వీలులేదు. పది రోజుల తర్వాత ఆ కుక్క ఎక్కడో, మీరెక్కడో! మందు మొదలుపెట్టాలి. సీరం అక్కడ లేకపోతే మొదటి సూది వేయించుకుని, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. మొదటి సూది వేసిన వారం రోజుల వరకు సీరం ఇవ్వవచ్చు. మిగతా సూదులను దారిలో వచ్చే ఏ ఊరి ఆసుపత్రిలోనైనా గడువు తప్పకుండా వేయించుకోవచ్చు. ఆసుపత్రి వారిచ్చిన చీటీ మాత్రం భద్రంగా దగ్గర ఉండాలి.

పుణ్యక్షేత్రాల్లో కోతి కరిచినా, రక్కినా ఇదే పద్ధతి. పిల్లి, ముంగిస, నక్క కాటుకూ అంతే.

కుక్క వెంటపడినప్పుడు వేగం పెంచడం, కాలితో తన్నబోవడం ప్రమాదకరం. కుక్క పళ్లకంటే ముందు రోడ్డే ప్రాణం తీయవచ్చు. వేగం తగ్గించి, బండి తిన్నగా పోనివ్వడం మేలు. లుంగీ, చెప్పులతో కాక మందపాటి ప్యాంటు, బూట్లతో బయలుదేరితే పిక్కలకు కొంత రక్ష. తలకు హెల్మెట్టు ఎలాగూ ఉండవలసిందే.

యాత్రికుల కంటే ముందు

నిజానికి ఈ ముందస్తు సూది యాత్రికుల కంటే మరికొందరికి ఎక్కువ అవసరం. పశువైద్యశాలల్లో పనిచేసేవారు, వీధికుక్కలను పట్టే మునిసిపల్ సిబ్బంది రోజూ ఈ ముప్పులోనే ఉంటారు. మేత కోసం గొర్రెల మందతో నెలల తరబడి బయలుబీళ్లలో గడిపే కాపరులదీ దూర ప్రయాణమే. వారికి మోటారు సైకిలు కూడా ఉండదు. వైద్య శాఖవారు ఇటువంటి వారి గురించి ఆలోచించడం ఎంతైనా అవసరం.

పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. తిడతారన్న భయంతో కుక్క రక్కిన సంగతి వారు ఇంట్లో చెప్పరు. తిట్టకుండా అడగాలి.

అన్నిటికంటే చవకైన మార్గం కుక్కకే సూది వేయించడం. ఏటా జులై 6న, పాశ్చర్ తొలి టీకా వేసిన రోజునే, పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మన ఇంటి కుక్కకు ఆ రోజు సూది వేయిస్తే మన వీధిన పోయే పరాయి ఊరి బండివాడికి కూడా మేలు చేసినట్లే.

కనుక దూరదేశం పోయే యువకులు నెల ముందే వైద్యుని అడగండి. దగ్గర ఊళ్లకు పోయేవారు భయపడకండి. అందరూ మాత్రం పంచరు సామానుతోపాటు ఒక సబ్బు బిళ్ల కూడా సంచిలో వేసుకోండి.