పొరపాటు చెప్పుకోగలిగిన చోటే కొత్త పని పుడుతుంది

పనిచేసే చోట పొరపాటు జరిగితే పెద్దవారు మొదట ఏమి అడుగుతారో, కింది వారు ఆ తరువాత అలాగే తయారవుతారు. ఇది ఆసుపత్రికే కాదు, మీ దుకాణానికి, మీ మహిళా సంఘానికి కూడా వర్తిస్తుంది.

వార్డులో జరిగే సంగతి ఒకటి చూద్దాము. రోగికి వాడిన సూది సిస్టరు వేలికి గుచ్చుకోవచ్చు. వెంటనే సబ్బుతో, నీళ్లతో కడిగి పైవారికి చెప్పాలి. గాయాన్ని పిండకూడదు. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిట్లకు భయపడి ఆ అమ్మాయి దాచిపెడితే ఆ గంటలు గడిచిపోతాయి. కావున చెప్పడానికి వచ్చిన వారిని మేము ముందుగా మందలించము.

పొటాషియం క్లోరైడ్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్లు చూపుకు ఒకేలా ఉండవచ్చు. పొటాషియంను కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఒకదానికి బదులు ఇంకొకటి తీసి, ఆఖరి క్షణంలో చూసుకొన్న జూనియర్ సిస్టరు ఆ మాట పైకి చెప్పగలిగితేనే, "దీన్ని వేరే బీరువాలో పెట్టి తాళం వేద్దామా మేడమ్?" అని కూడా అడగగలదు. నోరు మూయించిన చోట ఆ సలహా రాదు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డులను గమనించి 1996లో ఒక వింత సంగతి ప్రచురించారు. బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ వాటిని దాచకుండా చెప్పుకొంటున్నారని ఆమె గ్రహించారు.

మన శ్రీహరికోట సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. అయితే విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకొన్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. అలాగని తప్పు వెతకడం మానలేదు. రెండవ దశలోని నియంత్రణ వ్యవస్థ నుండి ఆమ్లం కారిపోయిందని తేల్చారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ధావన్ గారు కలాం గారినే పంపారు. ఓటమి రోజున ఆయనను పక్కన పెట్టి ఉంటే, ఆ తరువాత ఏ యువ ఇంజనీరు ధైర్యంగా కొత్త పని తలకెత్తుకొనేవాడు?

అన్నీ క్షమించమని మేము అనడం లేదు. తాగి డ్యూటీకి రావడం, చూడని బి.పి.ని చార్టులో రాయడం పొరపాట్లు కావు. వాటికి శిక్ష ఉండాలి.

భద్రాచలం వైపు మహిళా సంఘాలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నాయి. పాకం మాడితే వెంటనే జరిమానా వేసే సంఘంలో, రేపు మాడినదాన్ని మంచి దానిలో కలిపేస్తారు. కొత్త రకం చేసి చూద్దామని ఎవరూ అనరు. మాడిన సరుకు నష్టాన్ని సంఘం మొత్తం పంచుకొని, పొయ్యి మంట ఎక్కువైందా, గిన్నె పలుచనా అని చూస్తే సరుకూ బాగుపడుతుంది.

రోగి బంధువులకు ఒక మాట. సిస్టరు తానే వచ్చి, "ఈ మందు ఆలస్యమైందండీ" అని చెప్పినప్పుడు రెండు సంగతులు అడగండి. ఇప్పుడు రోగికి ఏమి చేస్తున్నారు? మళ్లీ జరగకుండా ఏమి చేస్తారు? జవాబు రాకపోతే నేరుగా నర్సింగ్ ఆఫీసుకు రండి.