కుండీలో విసనకర్ర చెట్టు

మన తాటిచెట్టుకు దూరపు చుట్టం చైనా ఫ్యాన్ పామ్. దక్షిణ జపాన్, తైవాన్ ప్రాంతాలలో సహజంగా పెరుగుతుంది. ఆకు విసనకర్రలాగే ఉంటుంది గాని, కొసలు చీలి కిందికి వేలాడతాయి. ఎదుగుదల నిదానం గనుక చాలా ఏళ్లు కుండీలోనే ఉంచుకోవచ్చు.

ఇంట్లో కిటికీ పక్కన వెలుతురు చాలు. ఇళ్లలో ఈ మొక్క ఎక్కువగా వేళ్లు మురిగే చస్తుంది. అంగుళం లోతున మట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు పోయండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. ఆకులమీది దుమ్ము తడిబట్టతో తుడవాలి.

ఆరుబయట నాటేవారు వానాకాలంలో నాటండి. నీడలో పెరిగినదానిని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. కొన్నాళ్లు చెట్టు నీడన ఉంచి అలవాటు చేయాలి. తొడిమలకు ముళ్లుంటాయి, పసిపిల్లలున్నవారు గమనించండి.

అన్నిటికంటే ముఖ్యం మొవ్వు. కొబ్బరిచెట్టులాగే దీనికీ పెరిగే చోటు ఒక్కటే. ఒక మట్టల ఆదివారం ముందురోజు మా పిల్లలు లేత ఆకనుకొని మొవ్వును అడుగంటా కోసేశారు. కత్తి ఇచ్చినది నేనే. పక్క చిగురు వస్తుందేమోనని నెలల తరబడి చూశాను, రాలేదు. ఉన్న ఆకులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఇప్పుడు ఎవరు మట్టలడిగినా కింది వరుసలోని ముదురువే, అవీ రెండుమూడుకు మించకుండా, నా చేత్తో కోసి ఇస్తున్నాను.